కోల్బీకి కప్పిన శాలువా

నవంబరు వచ్చిందంటే అమెరికాలోని ప్లేనోలో ప్రిస్సిల్లా కనిపించదు. తెలుగు చర్చిలో రెండో వరసలో ఆవిడ కుర్చీ జనవరి దాకా ఖాళీయే. "సిస్టర్ గారేరండీ?" అని ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే ఆవిడ భర్త షాలేం రాజు తాపీగా, "వేటకెళ్లిందండీ" అంటాడు. అడిగినవాళ్లు ఉలిక్కిపడతారు. వాళ్లు ఉలిక్కిపడాలనే అతను ఆ మాట అంటాడు.

వేటకి కాదు, వేటగాళ్లకి వండిపెట్టడానికి. ప్లేనోకి పడమరగా మూడున్నర గంటలు కారులో వెళితే ముళ్లపొదలు, రాళ్లు, జింకలు తప్ప ఇంకేమీ లేని చోట ఒక పెద్ద రాంచ్ ఉంది. డబ్బు కట్టి అక్కడికి జింకల వేటకి వస్తారు జనం. మూడు నాలుగు రోజులుంటారు. తెల్లవారకముందే లేచి, గైడు వెంట ట్రక్కెక్కి, చెట్ల మధ్య కట్టిన మంచెల మీద ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. తిరిగొచ్చేసరికి వాళ్లకి వేడివేడిగా తిండి కావాలి. ఆ తిండి ప్రిస్సిల్లాది.

ఆవిడది నర్సాపురం. అమెరికా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అందులో తొమ్మిదేళ్లు ప్లేనోలోనే ఒక బడి క్యాంటీన్‌లో పిల్లలకి పిజ్జా ముక్కలు వడ్డించింది. ఏం లాభం? ఆ పిజ్జా ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై గడ్డకట్టి వచ్చేది. దాన్ని వేడి చేయడమే ఈవిడ పని. "వండేదాన్ని వడ్డించేదాన్ని చేశారు" అని మొగుడి దగ్గర సణుక్కునేది. అలాంటి రోజుల్లో ఫోన్‌లో ఈ రాంచ్ ప్రకటన కనిపించింది. చూపిస్తే షాలేం రాజు నోరెళ్లబెట్టాడు.

"తుపాకులవాళ్ల మధ్యనా? మతి పోయిందా నీకు?"

"వాళ్లు కాల్చేది జింకల్నండీ. వంటమనిషిని కాలిస్తే మర్నాడు టిఫిన్ ఎవరు పెడతారు?" అంది ప్రిస్సిల్లా. ఆ సాయంత్రమే అప్లై చేసింది. యాభై మూడేళ్ల వయసులో, ముందూ వెనకా ఎవరూ తెలియని చోట, కొత్త ఉద్యోగంలో చేరింది. మనిషి చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ, ఒకటి అనుకుందంటే ఆవిడని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఆ రాంచ్‌లో వంట ఆవిడకి రెండు వారాల్లో పట్టుబడింది. పట్టుబడనిది ఇంకొకటి ఉంది. అది టిప్పు.

వేటకి వచ్చినవాళ్లు కట్టే ప్యాకేజీ సొమ్ము రాంచ్ యజమానికి పోతుంది. గైడుకి అందులోంచి వచ్చేది తక్కువ. అతని బతుకు నడిచేది ఆఖరి రోజు వేటగాడు చేతిలో పెట్టే టిప్పు మీద. దానికో పద్ధతుంది. వెళ్లే ముందు వేటగాడు గైడు దగ్గరికి వచ్చి, కళ్లలోకి చూసి, చేయి కలుపుతాడు. ఆ అరచేతిలో మడిచిన నోట్లుంటాయి. గైడు లెక్కపెట్టడు, కనీసం కిందికి చూడడు. జేబులో పెట్టుకుంటాడు, అంతే. ప్యాకేజీలో పదో వంతుకి తగ్గకూడదు, పని బాగా నచ్చితే అయిదో వంతు. చర్చి మనిషి కదా, పదో వంతు అనగానే "మనం చర్చికిచ్చే దశమభాగమే!" అనుకుంది ప్రిస్సిల్లా. వంటకి, గదులు శుభ్రం చేసేవాళ్లకి కలిపి ఇంకో టిప్పు. అది ప్రిస్సిల్లా, లూపె చెరి సగం. లూపె అంటే గదులు చూసుకునే మెక్సికో ఆవిడ, అరవై ఏళ్లుంటాయి, మాట కరుకు, చేయి చురుకు.

మొదటి ఏడు ఏమైందో తెలుసా? హ్యూస్టన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, టోపీ తీసి, మడిచిన నోట్లు చాచాడు. ప్రిస్సిల్లా రెండు చేతులూ అడ్డం పెట్టి "నో నో నో" అంది. నర్సాపురం లెక్క ప్రకారం మొదటి "వద్దు" మర్యాద. రెండో "వద్దు" మొహమాటం. మూడోసారి బలవంతాన చేతిలో కుక్కితే "ఎందుకండీ ఇవన్నీ" అంటూ తీసుకోవాలి. ఆ లెక్క ఆ పెద్దాయనకేం తెలుసు? మొదటి "వద్దు"కే గౌరవంగా తల వంచి, నోట్లు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడు అలా ఆరు జట్లు వెళ్లిపోయాయి. మొహమాటానికి పోతే ఏదో అయిందని మనకో సామెత ఉంది. చర్చి మనిషి కథలో అది పూర్తిగా చెప్పను, మీకు తెలుసు.

సీజను ఆఖర్లో లూపె అడిగింది. "ఈ ఏడు మనకెవరూ ఏమీ ఇవ్వలేదా, ప్రిసీ?"

"ఇవ్వబోయారు. నేనే వద్దన్నాను" అంది ప్రిస్సిల్లా, కాస్త గొప్పగానే.

లూపె చేతిలో బకెట్టు కింద పెట్టింది. "అందులో సగం నాది. నీ మర్యాద నా సగాన్ని తినేసింది."

ఆ మాట ప్రిస్సిల్లాకి చెంపదెబ్బలా తగిలింది. ఇంటికెళ్లి షాలేం రాజుని ఎదురుగా నిలబెట్టి, కాగితం ముక్క మడిచి అతని చేతికిచ్చి, "నాకివ్వండి" అంది. అతనివ్వడం, ఈవిడ "థాంక్యూ" అని తీసుకోవడం. మొదటి అయిదారుసార్లు నోరు "నో" అనే అంది. పట్టు వదల్లేదు. ఇరవై సార్లు చేశాక వచ్చింది. మరుసటి ఏడు నుంచి లూపె సగం లూపెకి అందింది.

ఇదంతా అమెరికావాళ్లతో. అసలు పరీక్ష మూడో ఏడు, తెలుగువాళ్లతో వచ్చింది.

ఆ నవంబరు మొదట్లో యజమాని బుకింగుల పట్టీ గోడకి అంటించాడు. ఒకే తారీకుల్లో రెండు జట్లు. ఒకటి, ఏటా వచ్చే చమురు కంపెనీవాళ్లు. చేయి పెద్దదని పేరు. రెండోది, "కృష్ణమూర్తి, ప్లేనో, నలుగురు." గైడుల్లో ముందు ఎంచుకునే వంతు ఈసారి కోల్బీది. కోల్బీకి ముప్ఫై నాలుగేళ్లు. ఎర్రగడ్డం, పొడుగాటి మనిషి, రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. సీజను పది వారాలే. మిగతా ఏడాదంతా ఎవరివో కంచెలు బాగుచేసుకుంటూ గడుపుతాడు. పట్టీ ముందు నిలబడి చమురు కంపెనీ పేరు మీద వేలు పెట్టాడు.

"ఆ రెండోవాళ్లని ఎవరు తీసుకెళతారు?" అంది ప్రిస్సిల్లా.

"ఎవరూ ఇష్టపడటం లేదు. వాళ్లు టిప్పు ఇవ్వరని ఎక్కడో విన్నారట."

"వాళ్లంటే?"

కోల్బీ ఇబ్బందిగా గడ్డం గోక్కున్నాడు. "మీవాళ్లు."

అతను ఎగతాళిగా అనలేదు. అందుకే మరీ మండింది. నిజమో అబద్ధమో తెలియని మాట, ఎవరో ఎక్కడో అన్న మాట, ఒక జనం మొత్తం నెత్తిన రుద్దేశారు! ప్రిస్సిల్లా చేతిలో గరిటె బల్ల మీద పెట్టింది.

"మావాళ్లని నువ్వు తీసుకెళ్లు కోల్బీ. పూచీ నాది."

కోల్బీ ఆవిడ మొహం చూశాడు. వేలు తీసి కింది పేరు మీద పెట్టాడు. "నీ మాట మీద" అన్నాడు.

పూచీ పడటం తేలికే. ఆ మాట నిలబడకపోతే కోల్బీకి ఆ ఏడాది సంపాదనలో ఒక పెద్ద ముక్క పోతుంది. ఆ తరవాత అక్కడ తెలుగువాళ్ల పేరెత్తడానికి తనకి మొహం చెల్లదు. ఆ సంగతి ప్రిస్సిల్లాకి ఆ క్షణానే తెలుసు.

కృష్ణమూర్తి గారు వచ్చారు. అరవైకి దగ్గర పడ్డ పెద్దమనిషి, టెలికాం కంపెనీలో మేనేజరు, ఎడమ మోకాలు నొప్పి. ఆయన ఉల్లిపాయ తింటారు గానీ మాంసం ముట్టరు. మరి వేటకెందుకొచ్చారయ్యా అంటే, వేట పిచ్చి కూతురు ఇషితది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇరవై ఏడేళ్లు, కాలేజీ రోజుల్లో స్నేహితులతో తుపాకీ పట్టడం నేర్చుకుంది. కూతుర్ని అడవిలోకి ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక తండ్రి కూడా డబ్బు కట్టి బయలుదేరారు. తోడుగా ఆయన ఆఫీసు స్నేహితులు ఇద్దరు.

మొదటి రాత్రి భోజనాల దగ్గర ప్రిస్సిల్లా ఆయన ముందు పప్పుచారు, వంకాయ కూర, అప్పడం పెట్టింది. ఆ ముళ్లపొదల మధ్య పప్పుచారు వాసన చూసి కృష్ణమూర్తి గారికి కళ్లు చెమర్చాయి.

"ఏ ఊరమ్మా మీది?"

"నర్సాపురమండీ."

"మాది పాలకొల్లు! అంటే మా చెల్లెమ్మవే! ఇక నాకు ఇక్కడ బెంగ లేదు."

అయిపోయింది. చెల్లెమ్మా అన్న మనిషితో, "అన్నయ్యగారూ, వెళ్లేటప్పుడు టిప్పు ఇవ్వాలండీ, నాకు కూడా" అని ఎలా చెబుతుంది? రేపు చెబుదాంలే అనుకుంది. రేపు వచ్చింది. ధైర్యం చేసి, "కోల్బీ చాలా కష్టపడుతున్నాడండీ" అంది. "అవునమ్మా, బంగారం లాంటి మనిషి!" అన్నారాయన. ఎల్లుండి, "ఇక్కడ గైడులకి జీతాలు తక్కువండీ" అంది. "ఎక్కడైనా అంతేనమ్మా, కష్టపడేవాడికి ఫలితం ఉండదు" అని నిట్టూర్చి ఇంకో గరిటె చారు పోయించుకున్నారు. ప్రిస్సిల్లాకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇషితతో చెబుదామంటే, "ఆంటీ, యూ ఆర్ సో స్వీట్" అని మెడ చుట్టూ చేతులేసింది. ఇంకేం చెబుతుంది!

కోల్బీ మాత్రం మాట నిలబెట్టుకున్నాడు. కృష్ణమూర్తి గారి మోకాలు చూసి, మంచె మెట్ల మధ్య అదనంగా పలకలు కొట్టి ఒక్కో మెట్టు ఎత్తు తగ్గించాడు. ఆయన మడత కుర్చీ తనే మోశాడు. చలిగాలిలో మాటిమాటికీ వెళ్లి వాళ్లకి కాఫీ అందించాడు. మూడో రోజు సాయంత్రం ఇషిత ఒక పెద్ద కొమ్ముల జింకని కాల్చింది. గుండు కాస్త వెనక్కి తగిలింది. జింక పొదల్లోకి పరుగెత్తింది. గాయపడ్డ జంతువు ఎక్కడో బాధపడుతూ పడి ఉందని ఇషిత ఏడుపు మొదలుపెట్టింది. కోల్బీ నేల మీద మోకాళ్లూనుకుని, ఆకుల మీద రక్తపు చుక్కలు వెతుక్కుంటూ, నాగజెముడు ముళ్లలో రెండు గంటలు పాకాడు. దొరికే దాకా వదల్లేదు. ముంజేతులు చీరుకుపోయి తిరిగొచ్చి, "త్వరగానే పోయింది. బాధపడలేదు" అని ఆ పిల్లకి చెప్పాడు. ఆ పిల్ల తన గదిలోకి వెళ్లాక లూపె పట్టకారుతో అతని చేతుల్లో ముళ్లు తీసింది.

నాలుగో రోజు పొద్దున కృష్ణమూర్తి గారు అందరినీ వరండాలోకి పిలిచారు. చేతిలో ఒక అట్టపెట్టె. ప్రిస్సిల్లా గుండె తేలికపడింది. హమ్మయ్య, పెద్దమనిషికి తెలిసే ఉంటుంది, నేనే అనవసరంగా బెంగపడ్డాను అనుకుంది.

పెట్టెలోంచి జరీ అంచు పట్టు శాలువా వచ్చింది.

కృష్ణమూర్తి గారు దాన్ని విప్పి, కోల్బీ ఆకుపచ్చ మచ్చల చొక్కా మీద భుజాల నిండా కప్పారు. "నువ్వు నాకు గైడువి కాదు, తమ్ముడివి. నీ కష్టానికి ఖరీదు కట్టడానికి నేనెవర్ని?" అని ఇంగ్లీషులో చిన్న ఉపన్యాసం ఇచ్చారు. స్నేహితులు చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. లడ్డూల డబ్బా ఒకటి చేతిలో పెట్టారు. తరవాత ప్రిస్సిల్లాని పిలిచి, "మా ఆడపడుచుకి" అంటూ వెంకటగిరి చీర పెట్టారు. లూపె దుప్పట్ల మూటతో నడవాలో నిలబడి ఉంది. ఆవిడని ఎవరూ పిలవలేదు. ఆ నలుగురి మంచాలూ రోజూ సర్దింది ఎవరో కూడా వాళ్లకి తెలియదు.

కృష్ణమూర్తి గారు కోల్బీని కౌగిలించుకున్నారు. కారెక్కారు. చేతులూపారు. వెళ్లిపోయారు.

ప్రిస్సిల్లా చీర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కోల్బీ శాలువా తీసి, నాలుగు మడతలు జాగ్రత్తగా పెట్టి, ట్రక్కు సీటు మీద ఉంచాడు. వంటింట్లోకి వచ్చి కాఫీ పోసుకున్నాడు. కోప్పడతాడనుకుంది. నీ పూచీ ఇదేనా అంటాడనుకుంది. అతను కప్పులోకి చూస్తూ అడిగాడు.

"ప్రిసీ, నేనెక్కడ తప్పు చేశాను?"

"తప్పేమిటి?"

"ఏదో చేసే ఉంటాను. జింకని వెతకడం ఆలస్యమైందనా? ఆ పెద్దాయన్ని మోకాలు నొప్పితో ఎక్కువ నడిపించాననా? పైకి మర్యాదగా ఉన్నారు గానీ ఏదో నచ్చలేదు. నువ్వు కనుక్కుని చెబితే మళ్లీ చేయను."

ఆ మాటతో ప్రిస్సిల్లాకి ఒళ్లంతా మంటెత్తింది. ఎవరి మీద? ముందు తన మీద. నాలుగు రోజులు పప్పుచారు వడ్డిస్తూ, ఒక్క మాట గొంతులో కుక్కుకుని, ఒక మంచి పనివాడికి తన పని మీద తనకే అనుమానం పుట్టించింది. లూపె సగాన్ని తినేసిన మర్యాద ఇప్పుడు ఇతన్ని కూడా తినేసింది. చాలు! నర్సాపురం మర్యాద నర్సాపురంలో ఉండనీ.

ఏప్రన్ కూడా విప్పకుండా కారు తాళాలు అందుకుంది.

"ఎక్కడికి?" అంది లూపె.

"అడగడానికి" అంది ప్రిస్సిల్లా.

వాళ్లెక్కడ ఆగుతారో తెలుసు. వేటాడిన జింకని కోయించి, ప్యాకెట్లు కట్టించే కొట్టు పద్దెనిమిది మైళ్ల దూరంలో ఊళ్లో ఉంది. ఆ దారిలో వెళ్లే వేటగాళ్లందరూ అక్కడ ఆగాల్సిందే. కంకర రోడ్డు మీద కారు ఎగిరెగిరి పడుతోంది. యాభై అయిదేళ్ల జీవితంలో ఎవరినీ చేయి చాచి అడిగి ఎరగదు. నర్సాపురంలో ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున కూడా వాళ్లమ్మ పక్కింటికి పంపలేదు. అయినా యాక్సిలరేటరు మీంచి కాలు తీయలేదు.

కొట్లో కృష్ణమూర్తి గారు కూతురి పక్కన నిలబడి, ఎంత ఖీమా, ఎంత సాసేజీ అన్న కాగితాన్ని, అక్కడి మాంసం వైపు చూడకుండా నింపుతున్నారు. ప్రిస్సిల్లాని చూసి మొహం వికసించింది.

"చెల్లెమ్మా! ఏమైనా మర్చిపోయామా?"

"మర్చిపోయారండి. కోల్బీకి టిప్పు ఇవ్వడం మర్చిపోయారు."

చెప్పేసింది. కౌంటరు వెనక మనిషికి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. స్నేహితులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇషిత తండ్రి వైపు తిరిగింది. "డాడ్, నువ్వు ఇవ్వలేదా? నేను అనుకున్న, నువ్వు చూసుకున్నావ్ అని!"

"ప్యాకేజీలో అన్నీ ఇన్‌క్లూడెడ్ అన్నారు కదమ్మా" అన్నారు కృష్ణమూర్తి గారు. తరవాత ఆయన మొహం ఎర్రబడింది. "అయినా ప్రిస్సిల్లా గారూ, ఆ శాలువా ధర్మవరం నుంచి తెప్పించాను. దాని ఖరీదు తెలుసా మీకు? డబ్బు మిగుల్చుకుందామని చూశాననుకున్నారా? నాలుగు రోజులు ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగాం. తమ్ముడిలాంటివాడి చేతిలో నోట్లు పెడితే అవమానం కాదూ? హోటల్లో సర్వరా అతను?"

"చెల్లెమ్మా" పోయి "ప్రిస్సిల్లా గారూ" వచ్చింది. ఆవిడకి చివుక్కుమంది. అయినా వెనక్కి తగ్గలేదు.

"మీరు మిగుల్చుకునే మనిషి కాదని నాకు తెలుసండీ. మీరు గౌరవించారు. కానీ అతనేమనుకుంటున్నాడో తెలుసా? తప్పు చేశాననుకుంటున్నాడు. ఇక్కడ చేతిలో ఏమీ పెట్టకుండా వెళ్లడమంటే నీ పని బాగాలేదని మొహం మీద చెప్పడమే. 'ఆ పెద్దాయన్ని మోకాలు నొప్పితో ఎక్కువ నడిపించానా' అని నన్నడిగాడండీ. మీ కోసం మంచె మెట్లు మార్చిన మనిషి!"

కృష్ణమూర్తి గారి చేతిలో కలం ఆగిపోయింది. "మెట్లు మార్చాడా? నాకు చెప్పలేదే."

"అతను చెప్పడు. మీ ఇంట్లో వ్రతం చేయించుకుంటారు కదా. పంతులుగారికి శాలువా కప్పి, 'మీరు నాకు అన్నలాంటివారు, మీకు డబ్బిచ్చి అవమానిస్తానా' అని దక్షిణ లేకుండా పంపిస్తారా?"

కృష్ణమూర్తి గారు కలం కౌంటరు మీద పెట్టేశారు. చర్చికెళ్లే మనిషి వ్రతం సంగతెత్తి తనకి పాఠం చెప్పింది. అందులో తప్పు పట్టడానికేమీ దొరకలేదు ఆయనకి.

"మనవాళ్లు టిప్పు ఇవ్వరని ఇక్కడ ఎవరూ రానంటే, పూచీ నాదని చెప్పి అతన్ని మీతో పంపించాను. తప్పు నాది కూడానండీ. మొదటి రోజే చెప్పాల్సింది. మొహమాటపడ్డాను. ఇప్పుడు పడటం లేదు."

స్నేహితుల్లో ఒకాయన ఫోన్ తీశాడు. "అతని నంబరివ్వండి, ఇప్పుడే పంపించేద్దాం. రెండు నిమిషాల పని."

"వద్దండి."

"పోనీ క్యాష్ ఇస్తాం, మీరే ఇచ్చేయండి. మళ్లీ పద్దెనిమిది మైళ్లు వెనక్కంటే ఇల్లు చేరేసరికి సాయంత్రమవుతుంది."

"నా చేతికివ్వద్దు. నేనిస్తే అడుక్కొచ్చి ఇచ్చినట్టుంటుంది. చేయి కలిపి, కళ్లలోకి చూసి మీరే ఇవ్వాలి. వెనక్కి రండి" అంది ప్రిస్సిల్లా. గుమ్మానికి అడ్డంగా నిలబడిందని ఆవిడకి కూడా తెలియదు.

"లెట్స్ గో, డాడ్. ఆంటీ కరెక్ట్" అంది ఇషిత. దారిలో ఏటీఎం దగ్గర ఆగింది మొదట ఆ పిల్లే.

కోల్బీ ట్రక్కు వెనక భాగాన్ని నీళ్ల పైపుతో కడుగుతున్నాడు. రెండు కార్లు తిరిగి రావడం చూసి పైపు కట్టేశాడు. కృష్ణమూర్తి గారు కుంటుకుంటూ దిగారు. మడిచిన నోట్లు అరచేతిలో పెట్టుకుని చేయి చాచారు. అలవాటు లేని పని కదా, కుడిచేతికి ఎడమచేయి కూడా కలిపి, దేవుడికి పెట్టినట్టు రెండు చేతులతోనూ ఇచ్చారు.

"నువ్వు తప్పేమీ చేయలేదు. తప్పు నాది. నాకు తెలియలేదు" అన్నారు. "ఆ మెట్ల సంగతి కూడా నాకు తెలియలేదు."

కోల్బీ కిందికి చూడలేదు. జేబులో పెట్టుకున్నాడు. ఊపిరి వదిలిన చప్పుడు ప్రిస్సిల్లాకి వినిపించింది. ఇషిత వంతు అయ్యాక ఆ పిల్లతో, "వచ్చే ఏడు గాలి ఎటు వీస్తోందో చూసుకుని కాల్చడం నేర్పుతాను. పట్టీలో మీ పేరు చూస్తే ఇంకెవరినీ వేలు పెట్టనివ్వను" అన్నాడు. అతను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం ప్రిస్సిల్లా ఎప్పుడూ వినలేదు.

పూచీ తీరింది. అక్కడితో ఆగిపోయినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ప్రిస్సిల్లా ఆగలేదు. నడవాలోకి వెళ్లి లూపెని చేయి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఈవిడ లూపె. నాలుగు రోజులూ మీ పక్కలు వేసింది, మీ బురద బూట్లు కడిగింది ఈవిడేనండీ. వంటకి, గదులకి వేరే ఇస్తారు. ఈవిడకీ నాకూ."

లూపెకి ఇవ్వడం ఆయనకి కష్టం కాలేదు. నమస్కారం కూడా పెట్టారు. ప్రిస్సిల్లా దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. నేలకేసి చూస్తూ నోట్లు చాచారు, బండివాడికి కిరాయి ఇచ్చినట్టు.

"అలా కాదండీ. మొహం చూసి ఇవ్వండి" అంది ప్రిస్సిల్లా.

ఆయన తలెత్తారు. ముందు ఆవిడ మొహం చూశారు, తరవాత చేతులు. మణికట్టు దగ్గర ఓవెన్ తలుపు తగిలి కాలిన గుర్తులు, వేళ్ల మీద కత్తి గాట్లు.

"చెల్లెలి చేతివంట అనుకుని తిన్నాను. పొద్దున మూడింటికి ఎవరు లేచి వండుతున్నారో ఒక్క రోజు అడగలేదు. అది ఉద్యోగమని నాకు తట్టలేదు, చెల్లెమ్మా" అన్నారు మెల్లగా.

"రెండూనండీ, అన్నయ్యగారూ" అంది ప్రిస్సిల్లా.

కళ్లు తుడుచుకోలేదు. వద్దనలేదు. చేయి చాచి తీసుకుంది.